కాలువలో తగ్గింది, చెరువులో తగ్గలేదు: యూరప్ దేశాల్లో పెట్రోల్ కార్ల లెక్క

అందరికీ నమస్కారం. ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామంది చదువుకో ఉద్యోగానికో జర్మనీ, ఐర్లండ్, నెదర్లాండ్స్ వైపు వచ్చి మూడు నాలుగేళ్లు అయినవాళ్లే. ఇల్లు కుదిరి, పిల్లలు బడిలో చేరాక ఇంట్లో మొదలయ్యే చర్చ కారు. పెట్రోల్ కారు కొనాలా, హైబ్రిడ్ కొనాలా? పెట్రోల్‌ది కొంటే నాలుగేళ్లయ్యాక అమ్ముదామన్నా తీసుకునేవాళ్లు ఉండరేమో? ఈ భయానికి అంకెలతో జవాబు చెప్పుకుందాం.

ముందు అందరూ చూపించే అంకె. యూరోపియన్ యూనియన్‌లో 2019లో అమ్ముడైన ప్రతి 100 కొత్త కార్లలో 59 పెట్రోల్‌వి. 2021కి అవి 40 అయ్యాయి. 2024కి 33. అంకె నిజమే. కాకపోతే ఇది కాలువలో పారే నీటి లెక్క, చెరువులో ఉన్న నీటి లెక్క కాదు. 2024లో యూనియన్ మొత్తం మీద కొత్తగా రోడ్డెక్కిన కార్లు కోటీ ఆరు లక్షలు. అప్పటికే రోడ్ల మీద ఉన్నవి 25 కోట్లకు పైమాటే. అంటే ఏడాదికి చేరే కొత్త నీరు నూటికి నాలుగు పాళ్లు. రేపటి నుంచి ఒక్క పెట్రోల్ కారు కూడా అమ్మకపోయినా, ఇదే వేగంతో చెరువు పూర్తిగా మారడానికి పాతికేళ్లు పడుతుంది.

ఆ చెరువులో ఇవాళ్టికీ దాదాపు సగం పెట్రోల్ కార్లే. డీజిల్‌వి నూటికి 40 చుట్టుపక్కల. పూర్తి ఎలక్ట్రిక్ కార్లు 2023 నాటికి నూటికి రెండు కూడా లేవు. యూనియన్‌లో కారు సగటు వయసు పన్నెండున్నర ఏళ్లు. సగటు వయసు అంటే ఆయుష్షు కాదండీ, ఇప్పుడు నడుస్తున్నవాటి వయసు. లక్సెంబర్గ్‌లో అది ఎనిమిదేళ్లు, గ్రీసులో పదిహేడు దాటింది. పెట్రోల్ అమ్మకాలు బాగా సాగిన 2019లో షోరూం దాటిన కారు ఇప్పుడు నడివయసులో ఉంది. అది పశ్చిమ యూరప్‌లో ఒకరిద్దరు యజమానుల చేతులు మారి, తర్వాత తూర్పుకి వెళ్లి, 2030ల చివరిదాకా నడుస్తుంది.

రెండో చిక్కు పేరులో ఉంది. 2024 లెక్కల్లో పెట్రోల్ 33 అయితే హైబ్రిడ్లు (ఇంజిన్‌కి తోడు మోటారు కూడా ఉన్నవి) 31, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు (బయట నుంచి చార్జింగ్ పెట్టుకునేవి) 7. ఈ మూడూ కలిపితే 71. కొద్దిపాటి డీజిల్ హైబ్రిడ్లు తీసేసినా, కొత్త కార్లలో నూటికి 70 దాకా పెట్రోల్ ట్యాంకు ఉన్నవే. పైగా ఆ హైబ్రిడ్ అనే గడిలో రెండు రకాలను ఒకే గాటన కట్టేశారు. ఒకటి నిజంగా మోటారుతో కొంతదూరం నడిచేది. రెండోది 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్. ఇందులో ఆల్టర్నేటర్ ఉండే చోట బెల్టుతో తిరిగే స్టార్టర్-జనరేటర్ పెడతారు, సీటు కిందో డిక్కీ కిందో ఒక యూనిట్ కరెంటు కూడా పట్టని చిన్న బ్యాటరీ ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ని కుదుపు లేకుండా లేపడం, బయల్దేరేటప్పుడు కొంచెం తోడు పట్టడం, బ్రేకు వేసినప్పుడు కాస్త శక్తి దాచుకోవడం, ఇంతే దాని పని. చాలా మోడళ్లలో చక్రాలని తిప్పేది పెట్రోల్ ఇంజినే. నా దృష్టిలో అది పెట్రోల్ కారే. నిన్నటిదాకా పెట్రోల్ గడిలో ఉన్న మోడల్‌కి ఆ బెల్టు మోటారు తగిలించగానే హైబ్రిడ్ గడిలోకి మారిపోతోంది. పెట్రోల్ వాటా పడిపోవడంలో కొంత భాగం ఈ గడి మార్పే.

తయారీదారులు ఎందుకలా మార్చారంటే జరిమానా. 2020 నుంచి 2024 దాకా ఒక కంపెనీ అమ్మే కొత్త కార్ల సగటు ఉద్గారం కిలోమీటరుకు 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటితే, దాటిన ఒక్కో గ్రాముకి, అమ్మిన ఒక్కో కారుకి 95 యూరోలు కట్టాల్సి వచ్చేది. కారు బరువుని బట్టి కంపెనీ లక్ష్యం కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పది లక్షల కార్లు అమ్మే కంపెనీ రెండు గ్రాములు దాటితే 19 కోట్ల యూరోలు. అంత డబ్బు కట్టేకన్నా బెల్టు మోటారు పెట్టడం చవక.

అయితే 2019లో పెట్రోల్ అంత పైకి ఎందుకెళ్లింది? కొంచెం వెనక్కి పోవాలి. లీటరు పెట్రోల్ మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, లీటరు డీజిల్‌కి 2.6. కానీ అదే దూరానికి డీజిల్ ఇంజిన్ ఇంధనం ఐదోవంతు దాకా తక్కువ తాగుతుంది. కాబట్టి పన్నుని ఇంజిన్ సైజు మీద కాకుండా కార్బన్ మీద వేస్తే గెలిచేది డీజిల్. ఫ్రాన్స్ 2008 జనవరిలో కార్బన్ ఎక్కువైతే జరిమానా, తక్కువైతే బహుమతి అనే పద్ధతి తెచ్చింది. ఐర్లండ్ 2008 జూలై 1 నుంచి కొత్త కార్ల రోడ్ ట్యాక్స్‌ని ఇంజిన్ సైజు నుంచి కార్బన్‌కి మార్చింది. ఫ్రాన్స్‌లో కొత్త కార్లలో పదింటికి ఏడు అప్పటికే డీజిల్‌వి, ఆ తర్వాతా అలాగే సాగాయి; ఐర్లండ్‌లో నాలుగైదేళ్లు తిరక్కుండానే పదింటికి ఏడు డీజిల్ అయ్యాయి. ఐర్లండ్‌లో ఇవాళ సెకండ్ హ్యాండ్ బజారుకి వెళితే 2009 నుంచి 2016 మధ్య కార్లలో పెట్రోల్‌ది వెతుక్కోవాల్సి రావడానికి కారణం ఆ ఒక్క సంతకం.

2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లతో ఉద్గార పరీక్షల్లో చేసిన మోసాన్ని బయటపెట్టింది. 2018 ఫిబ్రవరి 27న లైప్‌జిగ్‌లోని జర్మనీ అత్యున్నత పాలనా న్యాయస్థానం, పాత డీజిళ్లను నగరాలు నిషేధించుకోవచ్చని తీర్పిచ్చింది. మే 31న హాంబుర్గ్ రెండు వీధుల్లో నిషేధం పెట్టేసింది. కొనేవాళ్లు భయపడి పెట్రోల్ వైపు మళ్లారు. 2017లోనే కొత్త అమ్మకాల్లో పెట్రోల్ డీజిల్‌ని దాటింది. అంటే 2019 నాటి ఆ 59 పెట్రోల్ మీద ప్రేమతో వచ్చింది కాదు, డీజిల్ మీద భయంతో వచ్చింది. దాని ఫలితం కూడా కనిపించింది: 2017 నుంచి 2019 దాకా కొత్త కార్ల సగటు కార్బన్ ఉద్గారం తగ్గకపోగా పెరిగింది. ఎస్‌యూవీల మోజు కూడా తోడైంది.

మన దగ్గర జరిగింది గుర్తుచేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. 2010 జూన్‌లో పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, డీజిల్‌కి 2014 అక్టోబర్ దాకా ఉంచారు. ఆ నాలుగేళ్లలో మన ఊళ్లలో అందరూ డీజిల్ కారే అడిగారు. ధరల తేడా తగ్గగానే పెట్రోల్‌కి తిరిగొచ్చారు. జనం ఇంధనాన్ని కాదు, లెక్కని కొంటారు.

ఈ మాట యూరప్‌లో దేశదేశానికీ రుజువవుతుంది. గ్రీసులో పెట్రోల్ కార్లే ఎక్కువ. ఎందుకంటే ఏథెన్స్, థెస్సలొనీకి నగరాల్లో 1991 నుంచి 2011 దాకా ప్రైవేటు డీజిల్ కార్లకి అనుమతే లేదు. దేశ జనాభాలో పెద్ద భాగం ఆ రెండు చోట్లే ఉంటే ఇంకేం కొంటారు? పైగా 2009 చివర్లో మొదలైన ఆర్థిక సంక్షోభంలో కొత్త కార్లు కొనలేక పాతవే నడిపారు. అందుకే ఆ పదిహేడేళ్ల సగటు వయసు. నెదర్లాండ్స్‌లో ముప్పావు వంతుకు పైగా పెట్రోల్. అక్కడ రోడ్ ట్యాక్స్ కారు బరువుని బట్టి ఉంటుంది, అదే బరువున్న డీజిల్‌కి దాదాపు రెట్టింపు పడుతుంది. రోజూ వంద కిలోమీటర్లు తిరిగితే తప్ప అక్కడ డీజిల్ లెక్క కుదరదు. దీనికి పూర్తి విరుద్ధం లిథువేనియా: నూటికి అరవైకి పైగా డీజిల్. పశ్చిమ దేశాలు వదిలించుకున్న డీజిళ్లు అక్కడికి చేరాయి.

పోలండ్ దగ్గర కాస్త ఆగాలి, అక్కడ పెట్రోల్ కారు రెండో జన్మ ఎత్తుతుంది. జర్మనీ నుంచి ఏటా లక్షల్లో పాత కార్లు వస్తాయి. ఎక్సైజ్ సుంకం 2000 సీసీ లోపైతే కారు విలువలో 3.1 శాతం, దాటితే 18.6 శాతం. ఈ ఒక్క గీత వల్ల 2000 సీసీ లోపు ఇంజిన్లే దేశంలోకి ఎక్కువ వస్తాయి. వచ్చాక చాలామంది గ్యాస్ కిట్, అంటే పెట్రోల్ కారుని ఎల్‌పీజీతో నడిపే కిట్, వేయిస్తారు. డిక్కీలో స్పేర్ టైర్ గుంటలో బండి చక్రంలాంటి ట్యాంకు, ముందు గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్, గ్యాస్‌కి వేరే ఇంజెక్టర్లు. ట్యాంకుని 80 శాతానికి మించి నింపరు, ఎండకి గ్యాస్ వ్యాకోచించడానికి ఖాళీ ఉండాలి. పెట్రోల్ కన్నా పరిమాణంలో 15 నుంచి 20 శాతం ఎక్కువ తాగుతుంది, కానీ లీటరు ధర సగం దగ్గరే ఉంటుంది కాబట్టి గిట్టుబాటవుతుంది. చెడిపోయేది ఎక్కడంటే వాల్వ్ సీట్ల దగ్గర. గ్యాస్ మండినప్పుడు సీటు మెత్తగా ఉన్న ఇంజిన్లలో అరుగుదల వేగంగా జరుగుతుంది, వాల్వ్ సందు మూసుకుపోయి కంప్రెషన్ పోతుంది. కాబట్టి గ్యాస్ కిట్ ఉన్న కారు కొనేటప్పుడు వాల్వ్ క్లియరెన్స్ ఎప్పుడు చూశారో అడగండి, ట్యాంకు మీద ముద్రించిన గడువు తేదీ చూడండి, ట్యాంకుకి పదేళ్లకోసారి ధ్రువీకరణ కావాలి.

ఇప్పుడు నార్వే. అందరూ ఉదాహరణగా చూపే దేశం ఇదే కాబట్టి అంకెలు వివరంగా చెబుతాను. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు. ఎలక్ట్రిక్ కార్లకి కొనుగోలు పన్ను 1990లో తీసేశారు, వ్యాట్‌ని 2001లో తీసేశారు. పెట్రోల్ కారు మీద మాత్రం కార్బన్, బరువు, నైట్రోజన్ ఆక్సైడ్లను బట్టి భారీ రిజిస్ట్రేషన్ పన్ను ఉంచారు. 2024లో కొత్త కార్లలో నూటికి 89 పూర్తి ఎలక్ట్రిక్. కాలువలో పెట్రోల్ దాదాపు ఎండిపోయింది. మరి చెరువు? 2024 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎలక్ట్రిక్ కార్ల సంఖ్య పెట్రోల్ కార్లని దాటింది: 28 లక్షల కార్లలో ఎలక్ట్రిక్ 7,54,303, పెట్రోల్ 7,53,905. తేడా 398 కార్లు. అప్పటికి డీజిల్ ఇంకా పది లక్షల దగ్గర ఉంది. ప్రపంచంలో ఎక్కడా లేనంత రాయితీ ఇచ్చి, రెండు దశాబ్దాలకు పైగా ఓపికపట్టిన చిన్న ధనిక దేశంలోనే సంగతి ఇది. జర్మనీలో 2024 జనవరి 1 నాటికి 4 కోట్ల 91 లక్షల కార్లుంటే మూడు కోట్లకు పైన పెట్రోల్, పూర్తి ఎలక్ట్రిక్ 14 లక్షలు. 2023 డిసెంబర్‌లో రాయితీ అర్ధంతరంగా ఆపేసరికి 2024లో ఎలక్ట్రిక్ అమ్మకాలు నాలుగోవంతుకు పైగా పడిపోయాయి.

సరే, మన కొనుగోలుకి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కారుకి లైఫ్ ట్యాక్స్ ఒకసారి కట్టేస్తే అయిపోతుంది. జర్మనీలో ఏటా కట్టాలి. ప్రతి 100 సీసీకి పెట్రోల్‌కి 2 యూరోలు, డీజిల్‌కి తొమ్మిదిన్నర, దాని పైన కార్బన్‌కి విడిగా. 1500 సీసీ కారుకి పెట్రోల్‌ది 30 యూరోలు, డీజిల్‌ది 142.50. తేడా 112.50. ఇంధనం చూద్దాం. ఉదాహరణకి పెట్రోల్ 1.75, డీజిల్ 1.65 యూరోలు అనుకోండి. వంద కిలోమీటర్లకి పెట్రోల్ కారు ఆరున్నర లీటర్లు, డీజిల్ 5.2 లీటర్లు తాగితే, వందకి 2.80 యూరోలు డీజిల్‌కి లాభం. పన్ను తేడా నాలుగు వేల కిలోమీటర్లకే తీరిపోతుంది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేసి డీజిల్ కొనేస్తారు. డీజిల్ కారు ధర రెండు వేల యూరోలు ఎక్కువ అనుకుని ఐదేళ్లకి పంచండి, ఏడాదికి 400. మొత్తం 512. అది తీరాలంటే ఏటా 18,000 కిలోమీటర్లు దాటాలి. డీజిల్ పొగ శుద్ధికి పోసే యాడ్‌బ్లూ ద్రవం ఖర్చు, మసి ఫిల్టర్ మూసుకుపోతే అయ్యే ఖర్చు ఇందులో కలపలేదు. ఆఫీసుకి రైల్లో వెళ్లి శని ఆదివారాలు కారు తీసే కుటుంబానికి పెట్రోలే సరి. బ్రిటన్‌లో రెండు ఇంధనాలకీ లీటరు సుంకం ఒకటే (2025లో 52.95 పెన్నీలు), కాబట్టి డీజిల్ లెక్క అక్కడ ఇంకా బలహీనం.

నగరాల్లోకి అనుమతి దగ్గర కూడా పాత పెట్రోల్‌కే మొగ్గు. లండన్‌లో 2023 ఆగస్ట్ 29 నుంచి నగరమంతా అమల్లో ఉన్న ఉలెజ్ (కాలుష్యం ఎక్కువున్న కార్లకి రుసుము వేసే పద్ధతి) ప్రకారం పెట్రోల్ కారు యూరప్ ఉద్గార ప్రమాణాల్లో యూరో 4 అయితే చాలు, అంటే దాదాపు 2006 తర్వాతవన్నీ. డీజిల్ యూరో 6 ఉండాలి, అంటే దాదాపు 2015 సెప్టెంబర్ తర్వాతవి. లేకపోతే రోజుకి పన్నెండున్నర పౌండ్లు. పన్నెండేళ్ల డీజిల్‌కన్నా పద్దెనిమిదేళ్ల పెట్రోల్ కారు అక్కడ నిశ్చింతగా తిరగడానికి కారణమిదే. ఫ్రాన్స్‌లో కారు కాలుష్య తరగతి చూపే స్టిక్కర్లలో 2011 తర్వాతి పెట్రోల్‌కి ఒకటో నంబరు వస్తుంది, డీజిల్ ఎంత కొత్తదైనా రెండో నంబరే. జర్మనీలో అయితే రిజిస్ట్రేషన్ పత్రం మొదటి భాగంలో పి.3 గడి ఇంధనం, 14 గడి ఉద్గార తరగతి. అమ్మేవాళ్ల మాట కాకుండా ఆ గడులు చదవండి.

ఇప్పుడు ఇంజిన్ సంగతి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కార్లలో దెబ్బతినేది ఇక్కడే. ఉద్గార పరిమితి కోసం యూరప్ కంపెనీలు 1600 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసేసి, 1000, 1200 సీసీ మూడు సిలిండర్ల టర్బో పెట్టాయి. వీటిలో కొన్నింట్లో టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ తొలి తరం, ప్యూజో-సిట్రోయెన్‌ల 1.2 ప్యూర్‌టెక్ ఈ కోవకి చెందినవి. రాపిడి తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. కానీ చలికాలంలో బడికీ కూరగాయలకీ నాలుగేసి కిలోమీటర్లు తిప్పితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో బెల్టు ఉబ్బుతుంది, అంచులు పీచులు లేస్తాయి. ఆ తునకలు ఆయిల్ పంపు నోటి దగ్గరున్న జల్లెడని మూసేస్తాయి. ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగేసరికి టర్బో బేరింగులు అప్పటికే ఎండిపోయి ఉంటాయి. కొన్నింట్లో తునకలు బ్రేకుకి సాయపడే వ్యాక్యూమ్ పంపు దాకా వెళ్లి పెడల్ గట్టిపడుతుంది. అది ప్రాణానికే ప్రమాదం. ప్యూర్‌టెక్ విషయంలో ప్యూజో, సిట్రోయెన్‌ల మాతృసంస్థ స్టెలాంటిస్ 2024లో వారంటీని పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకి పెంచింది, సర్వీసులు సక్రమంగా జరిగి ఉండాలనే షరతుతో.

కొనేముందు చేయాల్సింది చెబుతాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మూత తీసి లైటు వేస్తే కొన్ని మోడళ్లలో బెల్టు కనిపిస్తుంది. వీపు మీద పగుళ్లు, అంచున దారాలు ఉంటే వదిలేయండి. వెడల్పు కొలిచే చిన్న పనిముట్టు మెకానిక్ దగ్గర ఉంటుంది, అందులో పట్టకపోతే బెల్టు ఉబ్బినట్టే. డిప్‌స్టిక్ లాగి చూడండి: ఆయిల్ పై గీత దాటి ఉన్నా, పెట్రోల్ వాసన కొట్టినా కారు చిన్న దూరాలకే నడిచిందని అర్థం. సర్వీసు రసీదుల్లో ఆయిల్ గ్రేడు కంపెనీ చెప్పిందేనా చూడండి. ఏదో ఒక 5డబ్ల్యూ-30 అంటే కుదరదు, బెల్టు రబ్బరుకి సరిపడే ఆమోదిత ఆయిల్ కావాలి. కొన్నాక ఏడాదికోసారి లేదా పది వేల కిలోమీటర్లకి ఆయిల్ మార్చండి, పుస్తకంలో ఇరవై వేలని రాసి ఉన్నా సరే. వారానికోసారి హైవే మీద అరగంట నడపండి. 2018 సెప్టెంబర్ తర్వాతి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ కూడా ఉంటుంది. దానిలో పేరుకున్న మసి కాలాలన్నా ఆ అరగంట వేడి కావాలి.

బంకు దగ్గర ఒక్క మాట. నాజిల్ మీద గుండ్రటి గుర్తులో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోల్, చదరపు గుర్తులో బి7 అంటే డీజిల్. ఈ10లో పదిశాతం దాకా ఇథనాల్ ఉంటుంది, మైలేజీ ఒకటిన్నర నుంచి రెండు శాతం తగ్గుతుంది. జర్మనీలో లీటరుకి ఐదారు సెంట్లు తక్కువ కాబట్టి ఈ10 పోయించుకున్నా నష్టం లేదు. ఇంధనం మూత లోపల ఈ10 గుర్తు ఉందో లేదో ముందు చూడండి.

ఇక ప్రశ్నలు. 2035 తర్వాత పెట్రోల్ కారు నడపనివ్వరా అని వెనక నుంచి అడిగారు. ఆ చట్టం కొత్తగా అమ్మే కార్ల ఉద్గారాల మీద. మీ పేరున అప్పటికే ఉన్న కారు మీద కాదు. పైగా 2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఆ నూరు శాతం కోతని 90కి సడలించాలని ప్రతిపాదించింది. బ్రిటన్‌లో కేవలం పెట్రోల్‌తో నడిచే కొత్త కార్లకి గడువు 2030, హైబ్రిడ్లకి 2035. పాత కారుని దెబ్బతీయగలిగేది ఆ చట్టం కన్నా మీ నగరం పెట్టుకునే ప్రవేశ నిబంధన, మీ దేశం ఏటా సవరించే పన్ను. ఆ రెండూ చూసుకోండి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకుంటే పెట్రోల్ మిగలదా అని అమ్మాయి అడిగింది. ఇంట్లో చార్జింగ్ ఉంటే మిగులుతుందమ్మా. అపార్ట్‌మెంట్లో ప్లగ్ లేకపోతే బ్యాటరీ బరువు మోస్తూ పెట్రోల్ తాగే కారవుతుంది. కమిషన్ 2024 మార్చిలో కార్లలోని మీటర్ల లెక్కలు తీసి చూస్తే, ఈ రకం కార్లు కాగితం మీద చెప్పినదానికి మూడున్నర రెట్లు ఉద్గారం వదులుతున్నాయి. మామూలు పెట్రోల్ కార్లలో ఆ తేడా 24 శాతం దగ్గరే ఉంది.

చివరి ప్రశ్న, బెల్జియం నుంచి కారు తెచ్చుకోవచ్చా అని. తెచ్చుకోవచ్చు. అక్కడ పాత కారు అమ్మేటప్పుడు కార్-పాస్ అనే పత్రం ఇవ్వడం తప్పనిసరి. ప్రతి సర్వీసులోనూ, ప్రతి తనిఖీలోనూ నమోదైన కిలోమీటర్లు తేదీలతో సహా అందులో ఉంటాయి. ఏడాదికి పదిహేను వేలు తిరిగిన కారు ఉన్నట్టుండి మూడు వేలు తిరిగినట్టు కనిపిస్తే, ఆ ఏడు ఏం జరిగిందో అమ్మేవారిని అడిగి, కాగితం చూశాకే డబ్బు ఇవ్వండి.